మీకు నచ్చిన మనిషిలో మీకు నచ్చింది ఏది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. క్లుప్తంగా చెప్పుకుంటే మీ పరిస్థితి ఇది. వయసు 29. ఆరేళ్లుగా ఒక కంపెనీలో లెక్కల రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం. జీతానికి లోటు లేదు, కానీ ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండెల్లో బరువు మొదలవుతుంది. ఆమధ్య ఒక ఫొటోగ్రాఫర్‌ని చూసి కెమెరా కొన్నారు. ఆరు నెలలు తిరక్కుండానే అడవి జంతువుల మీద డాక్యుమెంటరీలు తీసే ఒకాయన్ని చూసి అదే మీ దారి అనుకున్నారు. ఇప్పుడు కొయ్యపని చేసే ఒక పెద్దాయన వీడియోలు చూస్తూ రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నారు. "ఎవర్ని చూస్తే వాళ్లలా అయిపోవాలనిపిస్తోంది, నాకు నిలకడ లేదు. ఇందులో నాది ఏది? రోల్ మోడల్స్‌ని నమ్మాలా, లోపలి కోరికని నమ్మాలా?" అని అడిగారు. చివర్లో ఇంకో ముక్క కూడా రాశారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా కెరీర్ కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇదే ప్రశ్న పద్దెనిమిదేళ్ల పిల్లలూ అడిగారు, రిటైర్మెంట్‌కి రెండేళ్లున్నవాళ్లూ అడిగారు. ముందుగా ఆ "నిలకడ లేదు" అన్న మాట పక్కన పెట్టేయండి. మూడేళ్లలో ముగ్గురు నచ్చడం నిలకడలేనితనం కాదు. ముగ్గురూ ఎందుకు నచ్చారో ఒక్కసారి కూడా కూర్చుని చూసుకోకపోవడం ఒక్కటే ఇక్కడ జరిగిన పొరపాటు.

రోల్ మోడలా, లోపలి కోరికా అని మీరు రెండు వేర్వేరు సాక్షుల్లా అడిగారు. నా అనుభవంలో అవి రెండు కావు. లోపలున్న కోరిక తనంతట తాను వచ్చి "నేను ఫలానా" అని చెప్పదు. ఎవరో ఒకరి ముఖం తగిలించుకుని వస్తుంది. మనం ఆ ముఖాన్ని చూసి మనిషిని పట్టుకుంటాం, కోరికని వదిలేస్తాం. చిక్కంతా అక్కడే.

మా రంగంలో మార్క్ సావికాస్ అని ఒక అమెరికన్ మనస్తత్వవేత్త ఉన్నారు. ఆయన తన దగ్గరికి వచ్చినవాళ్లని మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి దాదాపు ఇలా ఉంటుంది: "చిన్నప్పుడు మీకు ఎవరంటే గొప్పగా అనిపించేది? అమ్మానాన్నలు కాకుండా ఓ ముగ్గురిని చెప్పండి." నిజం మనుషులే కానక్కర్లేదు. బొమ్మల కథలో పాత్ర అయినా ఫర్వాలేదు, పక్కింటాయన అయినా ఫర్వాలేదు. అమ్మానాన్నలు ఎందుకు వద్దంటే, వాళ్లని మనం ఎంచుకోలేదు. వాళ్ల ప్రభావం మన మీద పడుతుంది, అంతే. ఫలానా మనిషిలా ఉండాలి అని మొదటిసారి మనంతట మనం ఎంచుకునేది మాత్రం ఈ ముగ్గురినే. కెరీర్ విషయంలో మనిషి చేసే మొదటి ఎంపిక అదే అన్నట్టు ఆయన చూస్తారు. ఆ తర్వాత "వాళ్లు ఎలాంటివాళ్లు?" అని అడిగి, వచ్చే విశేషణాలన్నీ రాసుకుంటారు. ధైర్యవంతుడు, ఓపిక ఉన్నది, ఎవరి మాటా వినడు, ఇలా. ఆ మాటల్లో చాలావరకు చెప్పేవాళ్ల గురించే అయ్యుంటాయి.

నేను ఈ ప్రశ్నకి ఒకటి కలిపి వాడతాను. విశేషణాలు అయ్యాక క్రియలు అడుగుతాను. "ఆయన గొప్పవాడు సరే, మీ కళ్లముందు ఆయన ఏం చేస్తూ కనిపిస్తాడు?" డాక్టరు, పైలట్, నటుడు అనేవి నామవాచకాలు. వాటికి యూనిఫారం ఉంటుంది, జీతం ఉంటుంది, ఫొటో ఉంటుంది. కోరిక మాత్రం క్రియలో ఉంటుంది. కుట్టడం, విప్పడం, ఒప్పించడం, వెతకడం, ఎదురుచూడటం, సరిచేయడం. (తెలుగు వాక్యంలో క్రియ చివరికి గానీ రాదు కదా, ఈ వెతుకులాటలోనూ అది చివరికే దొరుకుతుంది. ఇది నా పాత జోకు, క్షమించండి.)

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు, దెబ్బతిని తెలిసింది. కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన ఒక లెక్చరర్ అంటే నాకు ప్రాణం. ఆయనలా కావాలని పట్టుబట్టి చదివి, లెక్చరర్‌నే అయ్యాను. ఆయన చేతిరాత నేర్చుకున్నాను. ఆలోచించేటప్పుడు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకునే అలవాటు ఆయనది, అదీ నేర్చుకున్నాను. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అంటారే, అచ్చం అదే. అరవై మంది ముందు నిలబడితే నోరు ఎండిపోయేది. పాఠం మధ్యలో గోడ గడియారం చూసుకునేవాణ్ని, పిల్లల కంటే ఎక్కువసార్లు. రెండేళ్లు అలా లాగాను. తప్పు నాలోనే ఉందని, ఇంకా కష్టపడాలని అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం క్లాసులయ్యాక, చదువు మానేద్దామనుకుంటున్న ఒక కుర్రాడు మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాం. చీకటి పడింది. వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడిస్తూ వచ్చి "సార్, గేటు వేసెయ్యాలి" అనేదాకా నాకు టైమ్ తెలియలేదు. ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే మా లెక్చరర్ గుర్తొచ్చారు. బోర్డు ముందు నిలబడి కాదు. క్లాసయ్యాక మెట్ల మీద, ఫెయిలైన ఒక అబ్బాయి పక్కన, సుద్దపొడి అంటిన చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, మాట్లాడకుండా వింటూ ఉన్న మనిషి గుర్తొచ్చారు. అన్నేళ్లూ నాకు నచ్చింది అది. నేను ఆయన బోధించడాన్ని కాపీ కొట్టాను, నాకు కావలసిందేమో ఆయన వినడం. ఆ తర్వాత కౌన్సెలింగ్ వైపు రావడానికి మూడేళ్లు పట్టింది గానీ, ఏం వెతకాలో మాత్రం ఆ రాత్రే తెలిసింది.

చరిత్రలో దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ చార్లెస్ డార్విన్. నాన్న డాక్టరు. కొడుకూ డాక్టరు కావాలని 1825లో, పదహారేళ్ల వయసులో, ఎడిన్‌బరో పంపించారు. అప్పటికి ఇంకా మత్తుమందు రాలేదు. రెండు ఆపరేషన్లు చూశాడు, అందులో ఒకటి చిన్నపిల్లాడికి. రెండూ పూర్తికాకముందే బయటికి పరుగెత్తాడు, మళ్లీ ఆ గది గడప తొక్కలేదు. సరే, చర్చిలో పాస్టర్ అయినా అవుతాడని కేంబ్రిడ్జ్ పంపించారు. అక్కడ మనవాడి ధ్యాసంతా పేడపురుగుల్లాంటి పెంకుపురుగుల మీద. ఒకరోజు ఎండిన చెట్టు బెరడు ఊడదీస్తే రెండు అరుదైన పురుగులు కనిపించాయి, చేతికొకటి పట్టుకున్నాడు. అంతలో మూడోది కనిపించింది, అదీ కొత్త రకం. వదలబుద్ధి కాక కుడిచేతిలోదాన్ని నోట్లో వేసుకున్నాడు. అది నాలుక మండిపోయే ద్రవం ఏదో చిమ్మింది. ఉమ్మేయక తప్పలేదు. అదీ పోయింది, మూడోదీ పోయింది. ఈ సంగతి ముసలితనంలో ఆయనే రాసుకున్నాడు.

కోరిక అంటే ఇదీ. ఎవరూ చెప్పలేదు, మార్కులు లేవు, చూసేవాళ్లు లేరు, పైగా నోరు కాలింది. కానీ ఈ ఒక్కటే ఉంటే ఆయన ఆదివారాలు ప్రసంగం చెప్పి మిగతా ఆరు రోజులూ పురుగులు ఏరుకునే పాస్టర్‌గా మిగిలేవాడని నా అభిప్రాయం. దారి చూపించింది ఇద్దరు మనుషులు. ఒకరు కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్రం చెప్పిన హెన్స్‌లో. డార్విన్ ఆయన వెంట ఎంతగా తిరిగేవాడంటే, కాలేజీలో అతన్ని "హెన్స్‌లోతో నడిచే మనిషి" అనేవారు. రెండోవారు జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్, డార్విన్ అప్పటికి పుస్తకంలో తప్ప చూడని మనిషి. ఆయన దక్షిణ అమెరికా యాత్ర గురించి రాసింది చదివి, టెనెరీఫ్ దీవి వర్ణనలు నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకుని, స్నేహితులతో షికారుకి వెళ్లినప్పుడు పైకి చదివి వినిపించేవాడు. ఇలా తిరుగుతూ, ఏరుతూ, చూసింది రాస్తూ బతకొచ్చన్న సంగతి ఆ ఇద్దర్ని చూసి తెలిసింది. 1831లో ప్రపంచయాత్రకి బయల్దేరిన బీగిల్ ఓడ ఎక్కాడు, అది కూడా హెన్స్‌లో రాసిన ఉత్తరం వల్లే. చూశారా, పురుగుల పిచ్చి తనదే. దానికి జీవితంలో చోటుంటుందన్న నమ్మకం ఇద్దరు మనుషుల నుంచి వచ్చింది. రోల్ మోడల్ చేసే పని నా దృష్టిలో ఇదొక్కటే. మనలో లేనిదాన్ని వాళ్లు తెచ్చి పెట్టలేరు.

ఏకలవ్యుడి కథ మనకి గురుభక్తి కథలా చెప్పారు. ఇంకోలా చూడండి. ద్రోణుడు కాదన్నాడు. రోజూ వచ్చి పాఠం చెప్పేవాడు లేడు. ఉన్నది మట్టిబొమ్మ. మట్టిబొమ్మ విలువిద్య నేర్పదు కదా, బాణం వేస్తూ ఉండాలన్న తపన అతని చేతుల్లోనే ఉంది. బొమ్మ ముందు నిలబెట్టుకున్నది అందుకోసం.

అయితే నచ్చిన ప్రతివాళ్లూ మన కోరికకి ముఖం కారు. కొందరి దగ్గర మనకి నచ్చేది చప్పట్లు. ఇది తేల్చుకోవడం అసలు కష్టం, ఎందుకంటే లోపలి నుంచి రెండూ ఒకేలా అనిపిస్తాయి. దూరపు కొండలు నునుపు అన్న సామెత పుట్టినప్పుడు కొండలు కనీసం దూరంగా ఉండేవి. ఇప్పుడు అరచేతిలోకి వచ్చేశాయి, ఎడిట్ అయ్యి, మ్యూజిక్‌తో సహా. మీరు చూసే ఆ పెద్దాయన పన్నెండు నిమిషాల్లో కుర్చీ చేసేస్తాడు. దాని వెనక ఎన్ని రోజుల ఇసుక కాగితం రుద్దుడు కత్తిరించేశారో వీడియోలో ఉండదు.

అందుకే నేను ఒక పాత చిట్కా వాడతాను. ప్రతి పనిలోనూ ఒక విసుగు ఉంటుంది. అది లేని పని ఇరవై రెండేళ్లలో నేను ఒక్కటీ చూడలేదు. ఫొటోగ్రాఫర్ విసుగు, తీసిన ఎనిమిది వందల ఫొటోల్లోంచి పది ఏరడం. డాక్యుమెంటరీ తీసేవాళ్ల విసుగు, జంతువు రాని మూడు రోజులు పొదలో దోమల మధ్య కూర్చోవడం, ఆపైన డబ్బులు పెట్టేవాళ్ల కోసం అప్లికేషన్లు నింపడం. వడ్రంగి విసుగు, కొలవడం, మళ్లీ కొలవడం, చిత్రిక పట్టడం, రుద్దడం. ఇందులో ఎవరి విసుగు మీకు మరీ విసుగనిపించదు? మీరు కొన్న కెమెరా బీరువాలో ఉందని రాశారు కాబట్టి, మొదటిదానికి జవాబు కొంత వచ్చినట్టే. దాని గురించి సిగ్గుపడక్కర్లేదు. ఆ కెమెరా మీకు ఒక జవాబు ఇచ్చింది, దాని ఖర్చు దానికి వసూలైంది.

ఇంకో పరీక్ష అసూయ. దీన్ని మనం దాచుకుంటాం గానీ, మెచ్చుకోలు కంటే ఇదే ఎక్కువ నిజం చెబుతుంది. మీ స్నేహితుడికి అవార్డు వచ్చిందని తెలిస్తే చురుక్కుమంటే అది అవార్డు మీద కుళ్లు, అందరికీ ఉండేదే. అదే స్నేహితుడు "ఈ వారం రోజులూ గదిలోంచి బయటికి రాకుండా ఆ పనే చేస్తూ కూర్చున్నాను" అన్నప్పుడు చురుక్కుమంటే, అది వేరే. అప్పుడు మీకు కావలసింది అతని పేరు కాదు, అతని వారం. అలాంటి కుళ్లు ఎప్పుడెప్పుడు పుట్టిందో తారీఖు వేసి రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

చప్పట్లు కోరికని ఎలా తినేస్తాయో చూపించిన ఒక ప్రయోగం ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే ముందునుంచే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరితో "బొమ్మ గీస్తే రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అన్నారు. ఇచ్చారు కూడా. కొన్నాళ్లకి పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేసి చూస్తే, ఆ సర్టిఫికెట్ కోసం గీసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు గీస్తూ గడిపారు. ఆడుకోవడం కోసం చేసినది జీతం కోసం చేసినట్టు అయిపోయింది. ముప్ఫై ఏళ్లు దాటాక "నాకు అసలు ఏదీ ఇష్టం లేదు" అనేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. కాసేపు తవ్వితే, ఇష్టమైనదానికి ఎవరో తొందరపడి పతకం తగిలించి ఉంటారు. పాట ఇష్టమైతే పోటీ, లెక్కలు ఇష్టమైతే ర్యాంకు. పతకం రావడం ఆగిపోగానే ఇష్టమూ పోయిందనుకుంటారు.

అమ్మానాన్నల తీరని కోరికలు మోస్తున్నవాళ్ల సంగతి వేరే పెద్ద కథ, మీ ప్రశ్నలో అది లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

రోల్ మోడల్ దొరికినా ఆ ఉద్యోగం దొరకకపోవచ్చు. అప్పుడు ఏమవుతుందని చాలామంది టెన్షన్ పడతారు. అబ్దుల్ కలాం యుద్ధవిమానం పైలట్ కావాలనుకున్నారు. సెలక్షన్‌లో ఇరవై ఐదు మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. ఖాళీలు ఎనిమిది. ఒక్క మెట్టు. చిన్నప్పుడు పక్షి ఎలా ఎగురుతుందో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి చూపించిన మాస్టారి గురించి ఆయన ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. ఆ మాస్టారు పైలట్ కాదు, రాకెట్ ఇంజినీరూ కాదు. ఆ రోజు పిల్లాడిలో పడ్డ విత్తనం "ఎగరడం" అనే క్రియ. పైలట్ అనే నామవాచకం దానికి తొడుక్కున్న ఒక చొక్కా, అది సరిపోలేదు, వేరేది దొరికింది. తమాషా ఏమిటంటే, 2006లో, 74 ఏళ్ల వయసులో, రాష్ట్రపతిగా సుఖోయ్ యుద్ధవిమానంలో కో-పైలట్ సీట్లో కూర్చుని ఎగిరారు కూడా. ఆ చొక్కా మీద మోజు పూర్తిగా పోలేదన్నమాట! అదీ మనిషి స్వభావమే.

ఒక్కోసారి మార్పు చాలా చిన్నదిగా ఉంటుంది. కొన్నేళ్ల కిందట బీమా ఆఫీసులో పనిచేసే ఒకావిడ వచ్చారు. 41 ఏళ్లు, ఉద్యోగం మానేయాలని నిశ్చయించుకుని వచ్చారు. ముగ్గురిని చెప్పమంటే, బొమ్మల కథల్లో ఒక డిటెక్టివ్, స్కూల్లో భూగోళం చెప్పిన టీచర్, వాళ్ల అమ్మమ్మ అన్నారు. ఏం పొంతన ఉంది వీళ్లకి? నాకూ మొదట అర్థం కాలేదు. క్రియలు అడిగాను. డిటెక్టివ్ తెగిపోయిన గుండీ ఒకటి తీసుకుని దాని వెనక ఏం జరిగిందో చెబుతాడు. టీచర్ జేబులోంచి గులకరాయి తీసి అది ఏ కొండ నుంచి ఎలా దొర్లుకుంటూ వచ్చిందో చెప్పేవారు. అమ్మమ్మ పాత ఫొటో ఒకటి చేతిలోకి తీసుకుంటే, అందులో పక్కకి తిరిగి నిలబడ్డ మనిషి ఎందుకలా తిరిగాడో చెప్పేది. ఆవిడ తనే చెబుతూ చెబుతూ ఆగిపోయారు. "చిన్న వస్తువు తీసుకుని కథ లాగుతున్నారు ముగ్గురూ" అన్నారు. ఆవిడ ఉద్యోగంలో రోజంతా చేస్తున్నది పాలసీ ఫారాలు నింపడం. అదే ఆఫీసులో క్లెయిముల విచారణ విభాగం ఉంది, కాలిపోయిన సామాన్ల ఫొటోలు, రసీదులు, పొంతన కుదరని తేదీలు. ఎవరూ కోరుకోని విభాగం. ఆవిడ కోరి వెళ్లారు. కంపెనీ మారలేదు, జీతం మారలేదు, కుర్చీ మారింది. ఆదివారం సాయంత్రాల గురించి తర్వాత నేనే అడిగితే నవ్వేశారు.

అందరికీ ఇంత సులువుగా తేలదు, ఒప్పుకుంటాను. కొందరికి పూర్తిగా రంగం మారాల్సిందే. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, రాజీనామా మొదటి మెట్టు కాకూడదు. కోటి విద్యలూ కూటి కొరకే అన్నవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. సి.వి. రామన్ 1907లో కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగంలో చేరారు, అకౌంట్స్ అధికారిగా. మీలాగే లెక్కలు. ఆఫీసుకి ముందు పొద్దున్నే, ఆఫీసయ్యాక రాత్రి, దగ్గర్లో ఉన్న పరిశోధన సంస్థకి వెళ్లి ధ్వని మీద, సంగీత వాయిద్యాల మీద ప్రయోగాలు చేసుకునేవారు. మధ్యలో బదిలీలూ తప్పలేదు. అలా పదేళ్లు. 1917లో ప్రొఫెసర్ పదవి వచ్చాక, తక్కువ జీతానికి ఒప్పుకుని అప్పుడు ఉద్యోగం మానేశారు. నోబెల్ తెచ్చిన ఆవిష్కరణ 1928లో వచ్చింది. ఆ పదేళ్లనే మీరు గమనించాలని నా కోరిక. ఆయన తన కోరిక నిజమా కాదా అని కూర్చుని ఆలోచించలేదు. రోజూ రెండుపూటలా వెళ్లి చూసుకున్నారు. అలసిపోయి వచ్చిన సాయంత్రం కూడా కాళ్లు అటే వెళ్తున్నాయంటే, ఇక వేరే పరీక్ష అవసరం లేదు.

మీరు చేయాల్సిన మొదటి పని కూడా అలాంటిదే, ఇంకా చిన్నది. ఆ రంగంలో మామూలు మనిషిని ఒకర్ని పట్టుకోండి. పేరున్నవాళ్లు వద్దు, వాళ్ల కథలు చెప్పీ చెప్పీ అరిగిపోయి ఉంటాయి. పదేళ్లుగా ఆ పనితో బతుకుతున్న సామాన్యుడు కావాలి. "మీరు ఎలా పైకి వచ్చారు?" అని అడగకండి. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి. నిన్నటి గురించి ఎవరూ అబద్ధం చెప్పరు, చెప్పాలన్న ఆలోచనే రాదు. వింటున్నప్పుడు మీకు ఎక్కడ చెయ్యి దురదపెడుతుందో, ఎక్కడ ఆవులింత వస్తుందో గమనించండి. కుదిరితే ఒక శని, ఆదివారాలు వాళ్ల పక్కన ఉండి ఊడవడమైనా చేయండి.

"నా ఒక్క నిజమైన పని ఎక్కడో దాక్కుని ఉంది, అది కనిపించగానే అన్నీ సర్దుకుంటాయి" అని మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. దాంతో నేను ఏకీభవించను. 2018లో పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ చేసిన అధ్యయనాల్లో, ఆసక్తి అనేది ముందే తయారై లోపల ఉంటుందని నమ్మేవాళ్లు, కొత్త విషయం కాస్త కష్టంగా మారగానే దాన్ని వదిలేయడం ఎక్కువగా కనిపించింది. ఆసక్తిని పెంచుకోవచ్చని నమ్మేవాళ్లు ఇంకొంచెం సేపు అంటిపెట్టుకున్నారు. అర్థం అయ్యే విషయమే. "ఇది నాది అయితే ఇంత కష్టంగా ఎందుకుంటుంది?" అనుకుంటాం కదా. మా లెక్చరర్ దగ్గర నాకు నచ్చిన ఆ వినడం కూడా నాకు పుట్టుకతో రాలేదు. మొదటి రెండేళ్లు నేను ఎదుటివాళ్ల మాట మధ్యలో తెంపి సలహా ఇచ్చేవాణ్ని.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆదివారం సాయంత్రం బరువుకి కారణం ఎప్పుడూ పనే కానక్కర్లేదు. ఒక్కోసారి అది మేనేజరు. ఒక్కోసారి రాత్రి రెండింటిదాకా మేలుకోవడం. ఒకప్పుడు నచ్చినవేవీ ఇప్పుడు నచ్చకపోవడం, నిద్రా ఆకలీ పాడవడం వారాల తరబడి ఉంటే మాత్రం కెరీర్ ప్రశ్న పక్కన పెట్టి డాక్టర్ని కలవండి. ఆ స్థితిలో ఏ వృత్తీ నచ్చదు. మీరు వీడియోలు అంత ఇష్టంగా చూస్తున్నారంటే మీ విషయంలో అది కాకపోవచ్చు, కానీ నేను మిమ్మల్ని చూడలేదు కదా.

ఇప్పుడు మీరు చివర్లో రాసిన ముక్క. "ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి రిపోర్టులు నేర్పించే వారం మాత్రం బాగానే ఉంటుంది, లంచ్ టైమ్ కూడా గుర్తుండదు. అది వేరే విషయం లెండి" అన్నారు. "అది వేరే విషయం" అని జనం కొట్టిపారేసే చోటే నేను పెన్ను బయటికి తీస్తాను. మీ ముగ్గురు రోల్ మోడల్స్‌ని మళ్లీ చూడండి. ఫొటోగ్రాఫర్ గురించి రాస్తూ ఆయన ఫొటోల గురించి ఒక్క మాటా అనలేదు, "వెలుగు ఎటు నుంచి పడుతోందో ఆయన చెబితే గానీ నాకు కనిపించలేదు" అన్నారు. డాక్యుమెంటరీ ఆయన గురించి, "చీమల పుట్ట లోపల గాలి ఎలా తిరుగుతుందో చూపించాడు" అన్నారు. పెద్దాయన గురించి, "రెండు చెక్కలు మేకు లేకుండా ఎలా పట్టుకుంటాయో విడమరిచి చెబుతాడు" అన్నారు. కెమెరా, అడవి, ఉలి, మూడూ వేర్వేరు. ముగ్గురూ చేస్తున్న పని నాకు ఒకటిగానే వినిపిస్తోంది: తమకి కనిపించేది ఎదుటివాళ్లకీ కనిపించేలా చేయడం.

ఇది నా ఊహ. మీ నాలుగు పేరాల మీద కట్టిన ఊహ, తప్పు కావచ్చు. నిజంగానే మీకు చెక్క ముట్టుకోవాలనే ఉండొచ్చు. తేల్చుకోవడానికి ఈ రాత్రి ఒక పని చేయండి. ఆ పెద్దాయన వీడియో ఒకటి పెట్టి, మొదట సౌండ్ పూర్తిగా తీసేసి ఐదు నిమిషాలు చూడండి. తర్వాత ఫోన్ బోర్లా పెట్టి ఐదు నిమిషాలు మాటలు మాత్రం వినండి. రెండింటిలో దేన్ని మధ్యలో ఆపేయబుద్ధి కాలేదో ఇక్కడే రాయండి. మాటలు అయితే, వచ్చే నెల మీ ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ల ట్రైనింగ్ ఎవరు చూస్తున్నారో కనుక్కోండి, దాని గురించి మాట్లాడదాం. చేతులు అయితే, మీకు దగ్గర్లో ఉన్న వడ్రంగి పేరుతో రండి.

వీడియో మాత్రం పదకొండు లోపు చూసి పడుకోండి.